ప్లాస్టిక్ తొడిగిన మెమోలతో చెన్నైకి

మా అమ్మాయి ప్రసన్నకు చెన్నైలోని ఒక యూనివర్సిటీలో బీఎస్సీ సీటు వచ్చింది. బుధవారం సాయంత్రం నాలుగు లోపల ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించాలి. చూపించకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. అందుకే ఆ రోజు ఉదయం ఆరున్నరకే గూడూరులో రైలెక్కాం. పులిహోర డబ్బా, రెండు నీళ్ల సీసాలు, నా ఒళ్లో ఫైలు. అంతే సామాను.

గూడూరు బస్టాండు పక్కన నాకొక జిరాక్సు కొట్టుంది. పదిహేనేళ్లుగా మా వైపు పిల్లల అప్లికేషన్లన్నీ నా చేతి మీదుగానే పోతున్నాయి. హాస్టలుందా, మైగ్రేషన్ సర్టిఫికెట్ ఎక్కడిస్తారు, ఏది అడిగినా ఠకీమని చెప్పేస్తాను. అన్నీ చెప్పే నేను యూనివర్సిటీ గడప తొక్కడం మాత్రం అదే మొదటిసారి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు లెండి.

నాయుడుపేటలో రమణయ్య అనే రైతు ఎక్కి మా ఎదురుగా కూర్చున్నాడు. ఆయన కూతురు కూడా ఇంటర్ పూర్తి చేసిందట. ఇంక ప్రశ్నలే ప్రశ్నలు.

"ఆడ మన తెలుగు పిల్లోళ్లకి ఇబ్బందేమన్నా ఉంటాదా అక్కా?"

"పాఠాలు ఇంగ్లీషులోనే కదన్నా, ఏం ఇబ్బంది?"

"హాస్టలు ఫారం ఎప్పుడియ్యాల?"

"సీటు ఖాయం చేసుకున్న రోజే. ఆలస్యం చేస్తే గది దొరకదు."

ఊపు మీదున్నానేమో, అడగని సలహా కూడా ఇచ్చేశాను. "ముందు మార్కుల మెమోలు లామినేషన్ చేయించు. ఇదిగో, మా అమ్మాయివి, నా చేత్తో చేసినవే." ఆయన వాటిని తడిమి, "అబ్బ, అద్దం మాదిరి ఉండాయే!" అన్నాడు. నా ఫోనుకు ఒక మిస్డ్ కాల్ ఇచ్చి సూళ్లూరుపేటలో దిగిపోయాడు. "అమ్మా, రైల్లో కూడా కొట్టు తెరిచేశావు నువ్వు," అని ప్రసన్న నవ్వింది.

తొమ్మిదింబావుకు సెంట్రల్ చేరాం. మెట్రో ఎక్కి, దిగి, పావుగంట నడిచి పది గంటలకు క్యాంపస్ గేటు దగ్గర నిలబడ్డాం. అమ్మో! లోపల బస్సులు తిరుగుతున్నాయి. చెట్ల కింద పిల్లలు గుంపులు గుంపులుగా నాలుగైదు భాషల్లో మాట్లాడుకుంటున్నారు. ఇన్నేళ్లూ నేను 'యూనివర్సిటీ పేరు' అన్న గడిలో రాసింది ఇంత పెద్ద లోకం గురించా! వచ్చేవాళ్లు తప్పకుండా చెప్పులు వేసుకోండి, బూట్లు వద్దు. నడక చాలా ఉంది.

పదకొండుకు మా వంతు వచ్చింది. బల్ల వెనకున్న మేడమ్ పాతకాలపు మద్రాసు తెలుగువాళ్లు. మా మెమోలు చూడగానే ఆవిడ మొహం మారిపోయింది.

"ఏమ్మా, ఒరిజినల్‌కి ప్లాస్టిక్ వేసేసినారే! వెనక మేం సీలు వెయ్యాల కదా. కాయితం అసలుదా కాదా అని ఎట్ల చూసేది?"

ప్రసన్న మెమోలు తీసి మళ్లీ ఫైల్లో పెట్టింది. నన్ను తిట్టినా బాగుండేది. ఆ మేడమే జాలిపడి ఒక చీటీ మీద చిరునామా రాసిచ్చారు. "జార్జి టౌన్‌లో ఒక బైండింగు తాత ఉండాడు. ఆయన తీస్తే తీస్తాడు. నాలుగు లోపల వచ్చేయండి, శెరియా?"

ఆటోలో జార్జి టౌన్ చేరేసరికి పన్నెండున్నర. సందు మొదట్లోనే దిగిపోయాం. తోపుడుబండ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి, ఆటో లోపలికి పోదు. తాత ఒక మెట్ల కింద కూర్చుని లెక్కల పుస్తకాలకు అట్టలు వేస్తున్నాడు. మెమోలు రెండూ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవురు వేసింది ఇది? బలే గట్టిగా వేసుండారే!"

"నేనే, తాతా."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసి పకపకా నవ్వాడు. "శెరి, ఈడ కూసో. నువ్వు పని తెలిసినదానివే, తాత బతుకు కష్టం చేసినావు."

మెమో మీద గుడ్డ పరిచి, గోరువెచ్చని ఇస్త్రీపెట్టె ఆనించాడు. అంచు దగ్గర సన్నటి బ్లేడు దూర్చి, వెంట్రుకవాసి చొప్పున ప్లాస్టిక్‌ను వెనక్కి మడుస్తూ పోయాడు. కాగితం కదల్లేదు, ఒక్క అక్షరం చెదరలేదు. లామినేషన్ మిషన్ నడపడం ఎంతసేపు, అర నిమిషం. నేను అర నిమిషంలో చేసినదాన్ని విప్పడానికి ఆయనకు మెమోకు ముక్కాలు గంట పట్టింది. ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా. "ఏమ్మా, నేనేమన్నా సామినా!" అని కసిరాడు.

మూడుంబావుకు మళ్లీ బల్ల ముందున్నాం. మేడమ్ వేళ్లతో కాగితం రుద్ది చూసి, వెలుగుకు ఎత్తిపట్టి, వెనక్కి తిప్పి సీలు వేశారు. ఆ చప్పుడుకు నాకు ఏడుపొచ్చేసింది.

రైలుకు ఇంకా టైముందంటే మేడమ్ లైబ్రరీ చూడనిచ్చారు. ఎన్ని అంతస్తులో లెక్కపెట్టబోయి మానేశాను. అన్ని పుస్తకాల మధ్య తలలు వంచుకుని కూర్చున్న పిల్లలను చూస్తే వాకిట్లోనే నిలబడిపోయాను. ప్రసన్న మాత్రం నేరుగా లోపలికి పోయి, అక్కడి ఉద్యోగిని, "మొదటి సంవత్సరం వాళ్లు ఎన్ని పుస్తకాలు తీసుకెళ్లొచ్చు సార్?" అని అడిగింది. నా కొట్లో పదిహేనేళ్లుగా ఒక్కరూ నన్ను అడగని ప్రశ్న అది.

అయిదు దాటాక రైలు కదిలింది. మిగిలిన పులిహోర తిని కళ్లు మూసుకున్నాను. సూళ్లూరుపేట బోర్డు కనబడగానే దిగ్గున లేచాను. రమణయ్య! పొద్దుటి మిస్డ్ కాల్ వెతికి ఫోను చేశాను.

"అన్నా, ఆ మెమోలకు లామినేషన్ చేయించొద్దు!"

"కొట్లోనే ఉండానక్కా. నా ముందర ఒకడుండాడు, ఆ తర్వాత నాదే."

"వెనక్కి తీసుకో! నేను చెప్పింది తప్పు. నా బిడ్డ సీటు పోవాల్సింది, ఒక తాత కాపాడాడు."

అవతల ఎవరితోనో, "ఇట్లియ్యి, ఇట్లియ్యి," అనడం వినబడింది. తర్వాత, "తీసేసుకున్నాలే అక్కా. బతికిచ్చినావు. ఇంక చెయ్యకూడనివి ఏమేముండాయో అవి కూడా చెప్పు," అన్నాడు.

పక్కన ప్రసన్న నన్నే చూస్తోంది.

"తెలీదన్నా," అన్నాను. "కనుక్కొని చెప్తాను."