రంభలో తీసిన ఫోటో

బరంపురంలో బయలుదేరిన మా బస్సు టీ కోసం రంభ అనే ఊళ్లో ఆగింది. టీకొట్టు ముందు ఒక పాతకాలపు విదేశీ కారు బానెట్ ఎత్తి ఉంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, ఇంజిన్ దగ్గి ఆగిపోతోంది. కారు యజమాని ఫోన్‌లో ఎవరినో తిడుతున్నాడు.

బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన వెళ్లి తొంగిచూశాడు.

"రెండు కార్బురేటర్లు బాబూ. రెండూ ఒక్కలాగే గాలి పీల్సాల. ఒకటెక్కువ పీల్సిందంటే బండి నిలబడదు."

"పెయింట్ మీద చెయ్యెయ్యకు" అన్నాడు యజమాని.

ముసలాయన కారులో ఉన్న స్క్రూడ్రైవర్‌తో ముందుగా కార్బురేటర్ల మరలు కాస్త బిగించి ఇంజిన్ ఆగకుండా చేశాడు. టీకొట్టులో అడిగి తెచ్చిన రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస ఒక్కో కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి గాలి బుస విన్నాడు. రెండు బుసలూ ఒకటయ్యేదాకా మరలు వెంట్రుకవాసి తిప్పాడు. ఇంజిన్ నెమ్మదిగా, నిలకడగా తిరిగింది.

యజమాని స్క్రూడ్రైవర్ లాక్కుని ఇంజిన్ మీదికి వంగాడు. "పక్కకి జరుగు, ఫోటోలో పడతావు" అని ఆయనతో అని, ఫోన్ నాకిచ్చాడు. "పాత కార్ల గ్రూపులో పెట్టాలి. నేనే సొంతంగా ట్యూన్ చేశానని."

నాకు అసహ్యం వేసింది. అయినా తీశాను. ముఖం సరిగా రాలేదని అతనంటే మళ్లీ తీశాను.

బస్సు కదిలాక ముసలాయన నల్లబడ్డ వేళ్లు పంచెకు తుడుచుకుంటూ, "ఫోటో బాగొచ్చిందా బాబూ?" అని అడిగాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. వచ్చిందన్నాను.

ఆ కారు మనిషి ముఖం నాకిప్పుడు గుర్తులేదు. ఆ రెండో ఫోటో తీసిన నన్ను తలచుకుంటేనే ఇప్పటికీ రోత పుడుతుంది.