మా ఆఫీసులో చేసిన తాళం

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, ప్లాస్టిక్ మూతలు చేసే షెడ్డు పైఅంతస్తులో మా ఆఫీసు ఉండేది. కింద మెషీన్ అచ్చు వేసినప్పుడల్లా పైన నా టేబుల్ మీద టీ వణికేది. ఆరుగురం పనిచేసేవాళ్లం. చిన్న నర్సింగ్ హోములకి, మందుల షాపులకి, రక్తపరీక్షల ల్యాబులకి సాఫ్ట్‌వేర్ రాసి ఇవ్వడం మా పని. ఎంసీఏ చదివి రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక దొరికిన ఉద్యోగం అది. ఆరు నెలలు ట్రైనీగా చేస్తే కన్ఫర్మేషన్ లెటర్ ఇస్తామన్నారు. పదకొండో నెల వచ్చినా ఆ లెటర్ రాలేదు. అది ఉంటే ప్రసూతి సెలవు ఉంటుంది, సెలవు తర్వాత తిరిగి వచ్చి కూర్చోవడానికి నా కుర్చీ ఉంటుంది. దానికోసం నేను ఆదివారాలు కూడా ఉప్పల్ నుంచి వచ్చి పనిచేశాను. ఎవరు ఏం చెప్పినా సరేనన్నాను.

ఉప్పల్‌లో ఒక ల్యాబు వాళ్లు కొత్తగా ఒకటి అడిగారు. కంప్యూటర్‌లోని రిపోర్టులు దారినపోయేవాళ్లు తెరిచి చదవలేకుండా ఉండాలన్నారు. అంటే రిపోర్టులోని మాటల్ని ఎవరికీ అర్థంకాని గుర్తులుగా మార్చి దాచాలి, తాళంచెవి ఉన్నవాళ్లకే అవి మళ్లీ మాటలుగా కనబడాలి. ఆ పనిని ఎన్‌క్రిప్షన్ అంటారు. మేం వాడే ప్రోగ్రామింగ్ భాష పాత వెర్షన్. బటన్‌కి నీడ వేయడానికి, తేదీని పద్నాలుగు రకాలుగా చూపించడానికి అందులో సదుపాయాలున్నాయి. మనిషి రిపోర్టు దాచడానికి మాత్రం ఏమీ లేదు.

ఇంటర్నెట్‌లో వెతికాను. ఆ విద్య తెలిసినవాళ్లు రాసి, పదిమందీ పరీక్షించి, ఉచితంగా పెట్టిన రెడీమేడ్ కోడ్ ఒకటి దొరికింది, దాన్ని లైబ్రరీ అంటారు. సార్‌కి చూపించాను. సార్ అంటే కంపెనీ యజమాని.

"ఫ్రీగ ఇచ్చెటోనికి మన మీద ఏం ప్రేమనమ్మా? రేపు ఏమన్నయితే ఎవన్ని పట్టుకోవాలె? భాషతోని వస్తే వాడు, వద్దంటలేను. రాకుంటే నువ్వే రాయి. ఎంసీఏ జేసినవ్ గదా."

ల్యాబులకు వెళ్లి రిపేర్లు చూసే సీనియర్ ఒకాయన ఉండేవాడు. అందరం అన్న అనేవాళ్లం. ఆయన పక్క కుర్చీ నుంచి అందుకున్నాడు.

"భాషలనే పెడితే ఏమొస్తది చెల్లె? గా తాళం ఖరాబయితే లోకం మొత్తం ఒక్కసారే ఖరాబయితది. మనం జేసుకున్నదైతే మనకు తప్ప ఎవ్వనికి ఎరుకుండది."

"గట్లయితే బాగుచేసుడు గూడ ఒక్కసారే అయితది గదన్నా."

"మాటలు మస్తుగ చెప్తున్నవ్. రాసుడు జూడు."

రెండు రోజుల్లో రాశాను. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కలిపి జరపడం, అంతే. స్క్రీన్ మీద రిపోర్టు చిందరవందర గుర్తులుగా మారింది. సార్ అందర్నీ పిలిచి చూపించారు. "సూడున్రి, చీమలు పారినట్టున్నది! ఏమన్న సమజైతుందా ఎవనికన్న?" ఎవరికీ కాలేదు. నా మొహం వెలిగిపోయే ఉంటుంది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తర్వాత తాళంచెవి సంగతి వచ్చింది. ఆపరేటర్లు పాస్‌వర్డ్ మర్చిపోతారు, ప్రతిసారీ కాప్రాకో మౌలాలీకో ఎవరు పరిగెత్తాలి? కాబట్టి అందరు కస్టమర్లకీ ఒకటే చెవి పెట్టి, దాన్ని ప్రోగ్రాంలోనే రాసేయమన్నారు. ఏం పెట్టాలని అడిగితే సార్ తన స్కూటర్ నంబరు చెప్పారు. ఆ స్కూటర్ రోజూ షెడ్డు ముందు నంబరు ప్లేటు రోడ్డుకు పెట్టి నిలబడి ఉండేది.

అది తప్పని నాకు తెలుసు. కాలేజీలో ఒక పేపరంతా ఇదే చదివాను, మంచి మార్కులే వచ్చాయి. నోరు మూసుకుని రాశాను. లెటర్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే.

మా ఆఫీసులో ఇంకో అలవాటు ఉండేది. ప్రోగ్రాం పరీక్షించడానికి దొంగ రోగుల పేర్లు కావాలి కదా, మా పేర్లే ఎక్కించేవాళ్లం. అన్నకి ఎప్పుడూ మలేరియా. సార్‌కి షుగరు, అది నిజంగానే ఉంది. నాకు టైఫాయిడ్. వెతికే బటన్ పనిచేస్తోందో లేదో చూడాలంటే ఎవరో ఒకరి పేరు కొట్టేవాళ్లం. నా పేరు చిన్నది, అందుకని ఎక్కువగా నాదే కొట్టేవాళ్లు.

అప్పుడే నాకు నెల తప్పింది. అంతకు ముందు ఏడాది ఒకసారి నిలిచి రెండో నెలలో పోయింది. అప్పటికే మా అత్తమ్మ మల్లాపూర్‌లో వాడకట్టు మొత్తానికి చెప్పేసింది. పోయిందన్న సంగతి కూడా అంతమందికీ మళ్లీ చెప్పుకోవాల్సి వచ్చింది. అందుకే ఈసారి మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని నేనూ మా ఆయనా అనుకున్నాం. అత్తమ్మకి కూడా చెప్పలేదు. పరీక్షలు మాత్రం ఉప్పల్‌లో ఆ ల్యాబులోనే చేయించుకున్నాను. ఇంటికి దగ్గర. పైగా నేను రాసిన తాళమే కదా అనుకున్నాను. దాన్ని రాసేటప్పుడు నా మనసులో మెదిలిన దొంగ ఎవరో ముక్కూ మొహం తెలియని బయటివాడు. పక్క కుర్చీ మనిషిని నేను లెక్కలోకే తీసుకోలేదు.

రెండు వారాలకు ఆ ల్యాబులో ప్రింటు సరిగా రావడం లేదని ఫోను వచ్చింది. అన్న వెళ్లి, మా పద్ధతి ప్రకారం, వాళ్ల రిపోర్టులన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఆఫీసుకు తెచ్చాడు. స్కూటర్ నంబరుతో తెరిచాడు. వెతికే బటన్ చూద్దామని అలవాటు కొద్దీ నా పేరు కొట్టాడు.

"చెల్లె, ఈసారి నీకు టైఫాయిడ్ గాదు, కడుపు పెట్టిన్రు!" అని పెద్దగా నవ్వాడు.

కింద మెషీన్ ఆగి ఉంది. ఆ మాట ఆఫీసంతా వినబడింది.

"అది మన డమ్మీ రికార్డేనన్నా," అన్నాను.

"డమ్మీల మీ ఆయన పేరెందుకు రాస్తం? ఫోన్ నంబర్ గూడ నీదే ఉన్నది గదా..." అంటూనే నా మొహం చూసి ఆగిపోయాడు. "అయ్యో. నిజమేనా? జర మాఫ్ జెయ్యి చెల్లె, నాకేమెరుక? మంచి ముచ్చటనే గదా."

ఆయనలో దురుద్దేశం లేదు. అందుకే ఆయన్ని తిట్టుకోవడానికి కూడా నాకు వీల్లేకపోయింది.

సాయంత్రం సార్ పిలిచారు. ఎంతో ప్రేమగా మాట్లాడారు. "మంచిగ తిను, పానం జూస్కో. ఆ లెటర్ సంగతి కాన్పయినంక జూద్దాం. ఈ టైంల నీకెందుకమ్మా ఈ ప్రెషర్?"

"సార్, ల్యాబు వాళ్ల రిపోర్టులు మనం తెరిచి చూసుడు తప్పు గదా సార్?"

ఆయనకు కోపం కూడా రాలేదు. "తాళం రాసింది నువ్వే గదమ్మా," అన్నారు.

 

లెటర్ రాలేదు. ఏడో నెలలో మానేశాను. నా కుర్చీలో ఇంకో ట్రైనీ కూర్చుందని అన్నే ఫోన్ చేసి చెప్పాడు. పాప పుట్టింది. తెలంగాణ వచ్చింది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర పటాకులు కాలిస్తే పాప జడిసి నా మెడ పట్టుకుంది. ఇంటర్వ్యూలకు వెళ్తే మధ్యలో ఇన్నాళ్లు ఏం చేశారని అడుగుతారు. ఎవరో ఇచ్చే చిన్న చిన్న పనులు ఇప్పుడు పాప నిద్రపోయాక ఇంట్లోనే చేస్తున్నాను.

నేనిప్పుడు వాడే భాషలో ఎన్‌క్రిప్షన్ భాషతో పాటే వస్తుంది. మొదటిసారి ఆ పేజీ తెరిచి చూసినప్పుడు సంతోషం కన్నా కడుపుమంటే ఎక్కువ కలిగింది. అందులోనూ మంచి తాళాల పక్కనే ఎప్పుడో పగిలిపోయిన పాత తాళాలు ఉన్నాయి. వాటిని తీసేస్తే పాత ప్రోగ్రాములు ఆగిపోతాయట. భాషలోని తాళం చెడితే అందరికీ ఒక్కసారే చెడుతుందని అన్న చెప్పింది సగం నిజమే. చెవిగా స్కూటర్ నంబరు పెట్టేవాణ్ణి కూడా ఏ భాషా ఆపలేదు. అయినా తాళం భాషలోనే ఉండాలంటాను నేను. లెటర్ కోసం ఎదురుచూసే ట్రైనీ యజమానితో కాదు అనలేదు. కనీసం ఈ ఒక్కదానికైనా "భాషతో వచ్చింది సార్, ఇదే వాడాలి" అని వేలు పెట్టి చూపించడానికి ఆమెకు ఒక చోటు ఉండాలి. నాకు ఆ చోటు లేదు. ఉన్నా చెవి సంగతిలో నేను నోరు విప్పేదాన్నా అంటే, చెప్పలేను.

పోయిన వారం పాపకు జ్వరం తగ్గకపోతే డాక్టరు రక్తపరీక్ష రాశారు. ఎండలో పాపను ఎత్తుకుని దూరం పోలేక ఆ ల్యాబుకే వెళ్లాను. అదే స్క్రీను, నేను ఎంచిన లేత ఆకుపచ్చ రంగే.

"పాప పేరు?" అని అడిగాడు ఆపరేటర్.

నోటికొచ్చిన పేరేదో చెప్పాను.

చంకలో ఉన్న రెండున్నరేళ్ల పాప తలెత్తి నావైపు చూసింది. "కాదూ!" అని, నేను నేర్పినట్టే, ఇంటిపేరుతో సహా తన పేరు గట్టిగా చెప్పింది.

ఆపరేటర్ నవ్వాడు. "పోరి మస్తు హుషారున్నది. మీరే మర్శిపోయిన్రా మేడం?" అని పాప చెప్పిందే కొట్టాడు.

"ఈ సాఫ్ట్‌వేర్ మార్చలేదా?" అని అడిగాను.

"ఎందుకు మేడం, మంచిగనే నడుస్తున్నది. పాస్‌వర్డ్ మర్శిపోయినా ఒక్క ఫోన్ కొడితే చెప్తరు."

మా ఆయన పేరు, ఫోన్ నంబరు అడిగితే చెప్పాను. అతను సేవ్ నొక్కాడు. తెర కింద, ఎప్పుడో నేనే టైపు చేసిన మాట వచ్చి పోయింది: మీ వివరాలు భద్రంగా ఉన్నాయి. పాప చెయ్యి చాపించి, సూదికి భయపడకుండా దాని మొహం నావైపు తిప్పుకున్నాను.