తిన్నని గోడ

గణితశాఖలో అందరూ ఆవిడను గోడలావిడ అంటారు. ఇల్లు కట్టించిందని కాదు. ఉండేది అద్దింట్లో, చేసేది ఏడాదికోసారి పొడిగించే తాత్కాలిక ఉద్యోగం. వెంట్రుకకన్నా వేల రెట్లు పలచనైన అయస్కాంతపు పొరలో ఒక సగం అయస్కాంతత్వం ఒకవైపు, రెండో సగానిది మరోవైపు మొగ్గితే మధ్యలో సరిహద్దు ఏర్పడుతుంది. దాన్నే గోడ అంటారు. అది తిన్నగా ఉండి తీరాలని, అలా ఉంటేనే శక్తి ఖర్చు తక్కువని తొమ్మిదేళ్ళు కూర్చుని డెబ్భై పేజీల్లో నిరూపించింది. గోడను మాత్రం ఒక్కసారీ చూడలేదు. అక్కడదో పట్టింపు: పై అంతస్తు గణితంవాళ్ళు కింది ప్రయోగశాలకు దిగరు, కిందివాళ్ళు పైకెక్కరు.

పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు పైన జిరాక్సు మెషిను చెడిపోవడంతో ఆవిడ కిందికి దిగక తప్పలేదు. ప్రయోగశాల పెద్దాయన మైక్రోస్కోపు దగ్గర్నుంచి పిలిచాడు.

"రండమ్మా, మీ గోడ చూద్దురుగాని."

చూసింది. గోడ రంపపు పళ్ళలా వంకరటింకరగా ఉంది.

"ఇదేదో పాడైనట్టుందండీ."

"పాడేంటమ్మా! రెండు సగాలూ ఎదురెదురుగా ఢీకొంటే ఎప్పుడూ ఇంతే. ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నా."

ఆవిడకు విషయం వెలిగింది. రోడ్డు మీద ఎదురుబళ్ళలా రెండు సగాలూ పక్కనుంచి తప్పుకుపోతేనే తన గోడ తిన్నగా ఉంటుంది. 'ఢీకొనే సందర్భం వదిలేద్దాం' అని నలభై మూడో పేజీలో తనే రాసింది, లెక్క తెగక.

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. నోరు మూసుకుని ఉద్యోగం తెచ్చుకో," అన్నాడు ఇంట్లో సంగతంతా విన్న భర్త.

ఇంటర్వ్యూలో ఆ నోరు మూతపడలేదు. ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"అంటే మీ సిద్ధాంతం తప్పా?" అన్నాడు అధ్యక్షుడు.

"తప్పు కాదండీ. అసలు చిక్కున్న చోట పనికిరాదు, అంతే."

"నలభై మూడో పేజీ అన్నారు కదూ? మాలో ఎవరూ అంతదాకా రాలేదమ్మా," అని ఆయన హాయిగా నవ్వాడు. "డెబ్భై పేజీలున్నాయిగా, చాల్లెండి."

పోస్టు ఇచ్చేశారు.

తొమ్మిదేళ్ళ పనిని చదివిన మనిషి ఆ భవనంలో ఒక్కడూ లేడని ఆవిడకు దారంతా దుఃఖం పొంగుకొచ్చింది. గుమ్మంలోనే భర్త ఎదురయ్యాడు.

"వచ్చిందా?"

"వచ్చింది," అని భోరుమంది.

ఆయన మురిసిపోయి వీపు నిమిరాడు. "నే చెప్పలా, నోరు మూసుకుంటే వస్తుందని!"