బొట్టు పెట్టిన నీళ్ల క్యాను

ఆ రోజుల్లో నాకు తెలిసిన నీళ్లు రెండే రకాలు: ఇవాళ్టివి, నిన్నటివి. ఇవాళ్టివి తాగడానికీ వండడానికీ, నిన్నటివి మొక్కలకి. రాత్రంతా నిలవున్నవి పాచినీళ్లని, పొద్దున్నే బిందెలన్నీ ఒంపేసి కొత్తనీళ్లు పట్టందే పొయ్యి వెలిగించకూడదని నేను కాపురానికొచ్చిన మర్నాడే మా అత్త చెప్పింది. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. పుస్తకాల్లోవి మర్చిపోతే ఎవరూ ఏమీ అనలేదు గానీ, అత్త చెప్పింది మర్చిపోతే ఆవిడ ఊరుకునే మనిషి కాదు. అలాంటి నన్ను, విజయనగరం నుంచి చీపురుపల్లి వెళ్లే దారిలో ఉన్న ఒక కాలేజీ ల్యాబులో సీసాలు కడిగే పనిలో పెట్టారు. టచ్ ఫోన్లు అప్పుడప్పుడే మా వీధిలోకి వస్తున్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు.

ఆ ల్యాబులో పీహెచ్‌డీ చేసే ఒకావిడ ఉండేది. పాతపట్నం పిల్ల. నాకంటే నాలుగేళ్లు పెద్ద. పొద్దస్తమానం తమ్మగింజలు నూరుతూ ఉంటుందని అందరూ ‘తమ్మకాయ మేడమ్’ అనేవాళ్లు. (తమ్మకాయంటే మా పెరటి కంచె మీద పాకేదే. కత్తంత పొడుగు కాయ, లేతప్పుడు కూర వండుకుంటాం. ముదిరిన గింజలు మేడమ్‌కి మా ఇంటినుంచే వెళ్లేవి. ఈ కథలో నా మొదటి గొప్ప అది.) ఆ గింజల్లోంచి ఒక ప్రోటీను తీసేది. అది చక్కెరను పట్టుకునే రకమట. రక్తకణాల ఒంటిమీద చక్కెర పూత ఉంటుందట. ఈ ప్రోటీను ఒక చేత్తో ఒక కణాన్ని, ఇంకో చేత్తో ఇంకో కణాన్ని పట్టుకుంటే, ఆ రక్తం ప్లాస్టిక్ పలకలో ఉండే చిన్న గుంట అడుగున చాపలా పరుచుకుంటుంది. పట్టే చెయ్యి లేకపోతే కణాలన్నీ జారి నడిమధ్యకి చేరి, అచ్చం కుంకుమ బొట్టులా కనబడతాయి.

“ఆ చేతికి పట్టు ఊరికే రాదే. లోపల రెండు లోహాలు కూర్చోవాల. ముందు మాంగనీసు కూర్చుంటే, పక్కన కాల్షియానికి చోటు కుదురుతాది. అప్పుడే వేళ్లు సరిగ్గా వంగుతాయి,” అని చెప్పిందొకరోజు.

“అయితే సక్కెరని పట్టుకునేది ఆ లోహాలేనా మేడమ్?”

“కాదు. అవి చక్కెరని ముట్టుకోవు. వేళ్లని సర్ది నిలబెడతాయి, అంతే.”

“పట్టకారుకి మేకులాగన్నమాట.”

మేడమ్ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. “ఏటన్నావ్?”

“మేకు గిన్నెని ముట్టుకోదు కదండీ. అది ఊడిపోతే రెండు రేకులూ ఉంటాయి గానీ గిన్నె లెగదు.”

“ఒసే, అది అర్థమవడానికి నాకు రెండేళ్లు పట్టిందే!” అంది. ఆరోజు ఇంటికి నేను నడిచి వెళ్లానో ఎగిరి వెళ్లానో నాకు తెలీదు.

మేడమ్ చూపించాల్సింది కూడా ఆ మేకు సంగతే. లోహాలు పీకేస్తే ప్రోటీను చెయ్యి వదులైపోవాలి, గుంటలో బొట్టు పడాలి. అందుకని పల్చటి యాసిడ్‌లో నానబెట్టి లోహాలు వదిలించేది (మనం చింతపండుతో ఇత్తడి చెంబు చిలుము వదిలించినట్టు). తర్వాత దాన్ని కంటికి కనబడనంత సన్న కన్నాలున్న పేగులాంటి సంచిలో పోసి, మూతి కట్టి, వదిలిన లోహాలు బయటికి జారిపోయేలా రెండ్రోజులు బీకరు నీళ్లలో వేలాడదీసేది. పొద్దున్నా సాయంత్రం ఆ నీళ్లు మార్చడం నా వంతు. “తెల్ల క్యానులో నీళ్లే పొయ్యి. మిషన్లో ఆవిరి పట్టి తీసిన నీళ్లవి, వాటిలో ఏటీ ఉండదు,” అని ఒకటికి పదిసార్లు చెప్పింది. ఆ క్యాను రోజూ మధ్యాహ్నం తనే నింపుకునేది.

అన్నీ అయ్యాక గుంటల్లో రక్తం వేసి చూస్తే చాప! ఇంకోసారి మొదటినుంచీ చేసింది. చాప! మూడోసారీ చాపే. “బొట్టు పడిందా మేడమ్?” అని నేను రోజూ అడగడం, ఆవిడ తల అడ్డంగా ఊపడం. విశాఖపట్నం నుంచి తన గైడు పెద్దసారు శుక్రవారం వస్తారని, అప్పటికి బొట్టు చూపించలేకపోతే ఈ పని ఆపేసి వేరే పని చూసుకోమంటారని చెప్పి, ఆ సోమవారం స్టూలు మీద కూర్చుని ఏడ్చేసింది. రెండేళ్ల పని. నాకూ ఏడుపొచ్చింది. ఇంత శ్రద్ధగా నీళ్లు మారుస్తున్నా ఈ పిల్లకి ఎందుకిలా అవుతోందా అని.

మర్నాడు సాయంత్రం ఇంట్లో కుళాయి రాలేదు. బోరునీళ్లతో కందిపప్పు పెట్టాను. గంటన్నరైనా గింజ గింజలాగే ఉంది. మా అత్త గరిటె పట్టుకొచ్చింది.

“ఈ నీళ్లతో పప్పు ఉడకదని ఎన్నిసార్లు సెప్పాలే నీకు? మాంగనీసు గనుల నేల ఇది. సగం నీళ్లు, సగం రాయి. ఆ కాగు అడుగు సూడు!”

చూశాను. తెల్లటి పెచ్చు, దానిమీద నల్లటి మరక. చూసి అక్కడే కూలబడిపోయాను.

“ఏటే, పప్పు ఉడకలేదంటే నువ్వు రాయైపోనావేటి?”

“అత్తా, కాలేజీ బోరు కూడా ఈ నేలే కదా?”

“కాకపోతే గంగమ్మ కాసీనుంచి వస్తాదేటి?”

సంగతేమిటంటే, సాయంత్రం పూట నేను మేడమ్ చెప్పినట్టే పోసేదాన్ని. పొద్దున్న మాత్రం, క్యానులో ఉన్నవి నిన్నటి నీళ్లు కదా! వాటిని మందారమొక్కకి పోసి, క్యాను మూడుసార్లు తొలిచి, బోరు దగ్గర కొత్తనీళ్లు పట్టుకొచ్చి, బీకరులో మార్చి, మిగిలినవి ఒంపేసేదాన్ని. ఖాళీ క్యాను చూసి మేడమ్ “బాగా మారుస్తన్నావే” అని మెచ్చుకునేది కూడా. అడక్కుండానే చేసే మంచిపనని నేనెప్పుడూ చెప్పుకోలేదు. (మంచిపని చాటుకోకూడదు కదా.)

బుధవారం పొద్దున్నే వెళ్లి తాళంచెవుల గుత్తి బల్లమీద పెట్టేశాను. పోతే నా పని పోతుంది, మేడమ్ రెండేళ్లు పోకూడదు అనుకున్నాను.

“మేడమ్, నీళ్లు నేనే మార్చాను.”

“ఎప్పుడూ నువ్వే కదే మార్చేది?”

“పొద్దున్నపూట పోసింది క్యానువి కాదండీ. కొత్తనీళ్లు.”

“కొత్తనీళ్లంటే?”

“బోరువి. రేత్రి నిలవున్నవి పాచినీళ్లు కదండీ...”

“ఎన్నాళ్ల నుంచి?”

“సేరిన కాడ్నించీ.”

మేడమ్ నెత్తిమీద చేతులు పెట్టుకుంది. తిడుతుందని నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నవ్వుతోంది, కళ్లలోంచి నీళ్లు కారేలా నవ్వుతోంది. “నీ పాచినీళ్లు పాడుగాను! నేను మేకు పీకతంటే, పొద్దున్నే వచ్చి నువ్వు మళ్లీ దిగ్గొడతన్నావే!” అని గుత్తి నా మీదకే విసిరింది. అంతలోనే నవ్వు ఆపేసి, ఏదో తోచినట్టు, “రెండు సంచులు కట్టు. రెండు బీకర్లు పెట్టు. ఒకదానికి క్యాను నీళ్లు. రెండోదానికి నీ కొత్తనీళ్లే,” అంది.

ఆ రెండ్రోజులూ క్యానుకి నేను కాపలా కాసినట్టు మా అత్త తన ఒంటిమీది నగకి కూడా కాసుండదు. శుక్రవారం రక్తం వేసి చూశాం. క్యాను నీళ్ల వరసలో బొట్టు, బొట్టు, బొట్టు... పేరంటానికొచ్చిన ముత్తైదువలు వరసగా కూర్చున్నట్టు! నా నీళ్ల వరసలో మాత్రం ఎప్పటిలాగే చాప.

పెద్దసారు వచ్చి, కళ్లజోడు పైకి తోసి చూశారు. “లోహాలు పోవడం వల్లే పట్టు పోయిందని ఎలా చెప్పగలవు? యాసిడ్ తగిలి ప్రోటీనే పాడై ఉండొచ్చుగా?”

మేడమ్ తొణక్కుండా రెండో వరస చూపించింది. “పాడైతే మళ్లీ బతకదు కదా సార్. ఇది కూడా అదే ప్రోటీను, అదే యాసిడ్. తర్వాత మా బోరునీళ్లు తగిలాయి. చెయ్యి మళ్లీ వంగింది.”

“బోరునీళ్లా!” అని ఆయన ఆ వరస మీదకి ఇంకాస్త వంగారు. “వాటిలో ఏవేవో ఉంటాయి. మాంగనీసు, కాల్షియం విడిగా కలిపి కూడా చూడు. కానీ దారి ఇదే. ఎవరికి తట్టిందిది?”

మేడమ్ నా చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. నా చేతిలో ఇంకా సీసాలు తోమే బ్రష్షుంది.

“ఏం చదువుకున్నావమ్మా?”

“ఎనిమిది సార్,” అన్నాను. ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేక, “కానీ పట్టకార్ల గురించి బాగా తెలుసండీ,” అన్నాను. మేడమ్ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది. సారు చెప్పినట్టు విడిగా కలిపి చూస్తే కూడా చాపే పరుచుకుంది. మేడమ్ డాక్టరమ్మ అయ్యింది. మా అత్తయితే వీధి వీధంతా చెప్పుకొచ్చింది: “మా కోడలు నీళ్లు పోస్తేనే ఆ పిల్ల గట్టెక్కినాది. పోయమన్నది నేనే!”

మళ్లీ పొరపాటు జరక్కుండా ఆ శుక్రవారమే తెల్ల క్యానుకి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాను. బొట్టున్న నీళ్లు ఒంపకూడదని నాకు గుర్తుండాలిగా.

తర్వాత పిల్లలు పుట్టి ఆ పని మానేశాను. మొన్నామధ్య అటు పనిబడి ల్యాబులోకి తొంగిచూస్తే, క్యాను కొత్తది. బొట్టు మాత్రం ఉంది, తడి ఆరనిది.

“దీనికి బొట్టేటమ్మా?” అని అక్కడ పనిచేసే ఆవిణ్ణి అడిగాను.

“ఇక్కడి ఆచారం అమ్మా. సుక్కురారం సుక్కురారం పెట్టాల. ఎందుకో ఎవరికీ తెలీదు గానీ, ఈ నీళ్లు మాత్రం ఒంపకూడదంట,” అందావిడ భక్తిగా.

కిటికీ అవతల మందారమొక్క ఇప్పుడు గోడంత ఎత్తయింది. చెంగు నడుముకి దోపుకుని, నిన్నటి నీళ్ల క్యాను ఎత్తుకుని, లోకాన్ని శుభ్రం చేసేస్తున్నంత హడావిడిగా దానివైపు వెళ్తున్న ఇరవై రెండేళ్ల పిల్ల ఒకతి కనబడినట్టయింది. “ఒసే, ఆగవే!” అందామనుకున్నాను. అనలేదు.

పొయ్యనీ.