ఎడమ చేతి మీద తాడు గుర్తు

మా బస్తీలో ఒకామెకు దయ్యం పట్టిందని నిమ్మకాయలు కోసి పారేస్తుంటే, వాటితో షర్బత్ చేసుకోరాదా అని నవ్వినదాన్ని నేను. నలభై ఏళ్లు కూలి పని చేశాను. కట్టే ఇళ్లలో పడుకున్నాను, కూలగొట్టే ఇళ్లలోనూ పడుకున్నాను. ఎక్కడా ఏమీ చూడలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ, చిన్నమ్మ అబిడ్స్ దగ్గర ఒక పెద్ద బంగ్లాలో గచ్చు పనికి వెళ్లేవారు. సున్నపు గచ్చును తడి ఆరకముందే నున్నటి రాయితో రుద్దుతూ ఉండాలి. మధ్యలో లేస్తే మచ్చ పడుతుంది, మేస్త్రీ తిడతాడు. అందుకని పసిపిల్లలను దూలం కొక్కేనికి కట్టిన చీర ఉయ్యాలలో వేసి, దానికొక తాడు కట్టి, కాస్త పెద్ద పిల్లల చేతికి ఇచ్చేవారు. నాలుగు నెలల మా తమ్ముడి ఉయ్యాల తాడు నాకిచ్చారు.

నేను నిద్రపోయాను. లేచేసరికి అమ్మ తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తోంది. వాడు పోయాడు.

"తాడు ఇడిసినవా బిడ్డా?" అని అడిగింది.

నాకేమీ గుర్తు లేదు. భయపడి "ఔ" అన్నాను. అమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆమె చనిపోయేదాకా నేనూ ఎత్తలేదు. నేను తాడు వదలడం వల్లనే వాడు ఏడ్చి ఏడ్చి పోయాడని యాభై ఏళ్లకు పైగా మోశాను. నా భర్తకు కూడా చెప్పలేదు.

నాంపల్లిలో మధ్యాహ్నాలు పెద్ద వయసు ఆడవాళ్లకు చదువు చెబుతారు. రెండేళ్లుగా వెళ్తున్నాను. పోయిన చలికాలంలో ఒక ఆదివారం పొద్దున మా టీచర్ మమ్మల్ని ఐదుగురిని అబిడ్స్ తీసుకెళ్లింది. అక్కడ ఒక పాత బంగ్లాలో గోడలకు బొమ్మలు తగిలించి ప్రదర్శనలు పెడతారు, టికెట్ ఉండదు. బొమ్మల కింద అంటించిన చీటీలు చదవడమే ఆ రోజు మా పాఠం. సంచులు గేటు దగ్గరే వాచ్‌మన్ తీసి పెట్టుకున్నాడు.

ఒక బొమ్మలో రంగు గీతలు తప్ప ఏమీ లేవు. మాతో చదువుకునే మా పక్కింటి సత్తెమ్మ దాని ముందు నడుం మీద చేయి పెట్టుకుని నిలబడింది.

"మా మనుమడు గోడ మీద గిట్లనే గీస్తే వీపు పగలగొట్టిన. గీడ అద్దం బిగించిన్రు," అంది.

"ఇంటికి పోయి వాన్ని మాఫీ అడుగు," అన్నాను. టీచర్ కూడా నవ్వింది.

మెట్లెక్కి పై వరండాలోకి వెళ్లాక నా నవ్వు ఆగిపోయింది. దూలాలకు వరుసగా ఇనుప కొక్కేలున్నాయి. చిన్నప్పటి బంగ్లా ఇదేనని ఒట్టేసి చెప్పలేను. ఆ చుట్టుపక్కల అలాంటివి చాలా ఉండేవి.

ఒక కొక్కెం కింద నిలబడి చీటీ చదువుతున్నాను. మూడో మాట దగ్గర నా ఎడమ చేతిని ఎవరో ముందుకు గుంజినట్టయింది. వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకు వెళ్లింది. చేతిలో ఏమీ లేదు, కానీ బరువు ఉంది. అవతలి కొసన ఊగుతున్న బరువు. వేళ్లు విప్పుదామంటే విచ్చుకోలేదు.

"ఏందక్కా, చెయ్యి గట్ల ఊపుతున్నవ్?" అంటూ సత్తెమ్మ వచ్చింది.

"నేను ఊపుతలేనే. జర పట్టుకో."

ఆమె రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుంది. ఆమె చేతులు కూడా ముందుకు వెళ్లాయి. ఎవరడిగినా ఆమె ఇప్పటికీ ఈ మాట చెబుతుంది.

కొంతసేపటికి బరువు ఒక్కసారిగా పోయింది. ఉయ్యాలలోంచి బిడ్డను ఎత్తుకుంటే తాడు ఎలా సడలుతుందో, అలా. వేళ్లు వాటంతట అవే విచ్చుకున్నాయి. చేతి వెనక నాలుగు ఎర్రటి గీతలు, తాడు పురులతో సహా కనిపిస్తున్నాయి. టీచర్ ఫోన్‌లో ఫోటో తీసింది. సంచి పట్టీ ఒత్తుకుందేమో అంది. సంచి గేటు దగ్గరుంది.

మర్నాడు దవాఖానకు పోతే, నరాల బలహీనత అని మాత్రలు రాశారు. నరం గుంజితే చేయి ఊగుతుందేమో, మరి తాడు అచ్చు ఎందుకు పడిందని అడిగాను. డాక్టర్ తర్వాతి మనిషిని పిలిచాడు.

మూడు రోజులకు షాద్‌నగర్‌లో ఉన్న చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. ఆనాడు ఆ పనిలో ఉన్నవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది. బంగ్లా సంగతి, చేతి సంగతి చెప్పలేదు. గీతలు అప్పటికే మాసిపోయాయి. నేను తాడు వదిలినందుకేనా తమ్ముడు పోయింది అని మాత్రం అడిగాను. ఆ ఒక్క మాట అడగడానికి రెండు గ్లాసుల చాయ్ పట్టింది.

చిన్నమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

"ఎవలన్నరే నీకు? పిలగానికి రెండొద్దుల సంది జ్వరం. రాకుంటే మేస్త్రీ పనిలకెల్లి తీసేస్తడని మీ అమ్మ ఎత్తుకొచ్చింది. నువ్వేడ ఇడిసినవ్? నిద్రల సుత గుంజుతనే ఉంటివి. ఎడమ చెయ్యికి నాలుగు సుట్లు సుట్టుకున్నవ్. పిలగాన్ని ఎత్తినంక నేనే ఇప్పిన, మీ అమ్మ అప్పుడు చూడలే."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు మర్చిపోయినవనుకున్నం. యాదికి చేసి ఏడిపించుడెందుకని మీ అమ్మ వద్దన్నది."

బస్సులో కిటికీ వైపు తిరిగి నాంపల్లి వచ్చేదాకా ఏడ్చాను.

చిన్నమ్మ చెప్పినదానిలో నాకు అర్థం కానిది లేదు. ఆమె చెప్పకముందే నా చేతికి ఎలా తెలిసిందన్నదే అర్థం కాదు. ఒంట్లో ఎక్కడో దాగిన జ్ఞాపకం అయివుంటుందని టీచర్ అంటుంది. కావచ్చు. కానీ సత్తెమ్మ చేతులకు ఆ జ్ఞాపకం ఎక్కడిది?

తర్వాత రెండుసార్లు ఒక్కదాన్నే ఆ బంగ్లాకు వెళ్లాను. బొమ్మలు మారాయి. అదే కొక్కెం కింద నిలబడి ఎడమ చేయి చాచాను. రెండోసారి వాచ్‌మన్ చూసి, "అమ్మా, బొమ్మలు గటు దిక్కున్నయి," అన్నాడు. ఇంకొంచెం సేపు అట్లాగే ఉన్నాను. ఎవరూ గుంజలేదు.