పన్నెండు ఓల్టులు, ఒక ఖాళీ గడి

మా చిన్నప్పుడు... అమెరికాలో, ఫ్రీమాంట్ అపార్ట్‌మెంట్‌లో అమ్మ భోజనాల బల్ల మీద పాత తువ్వాలు పరిచిందంటే, ఆ పూట అక్కడ కూరలు తరగదని అర్థం. తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ వేడెక్కేది. నేనూ అమ్మా ఎదురెదురుగా కూర్చునేవాళ్లం...

అప్పుడు నేను ఏడో తరగతి. స్కూల్ సైన్స్ ఫెయిర్‌కి పవర్ సప్లై ఒకటి తయారుచేస్తానని పేరిచ్చాను. చిన్న మోటారుకైనా, బల్బుకైనా, మనం అల్లుకున్న ఏ సర్క్యూట్‌కైనా, నాబ్ తిప్పి కావలసినంత ఓల్టేజీ ఇవ్వగల డబ్బా అన్నమాట. స్కూల్ వాళ్లిచ్చిన ఫారం చివర ఒక గడి ఉండేది... సహాయం చేసిన పెద్దవారి పేరు, వృత్తి. దాన్ని తర్వాత నింపుదామని ఫారాన్ని ఫ్రిజ్‌కి అంటించాం.

సహాయం చేస్తున్నది అమ్మే. ఇండియాలో ఒక పాలిటెక్నిక్‌లో తొమ్మిదేళ్లు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చెప్పింది. నాన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక ఆమెది డిపెండెంట్ వీసా అయింది... జీతానికి పని చేయకూడదు. అయినా వచ్చేటప్పుడు సూట్‌కేసులో, చీరల మడతల మధ్య, ఇరవై నాలుగు ఓల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చుకుంది. ఎందుకని నాన్న అడిగితే, ఉండనివ్వండి అందట.

మూడు వారాలు పట్టింది. గోడ ప్లగ్గు వైపు తీగలు నా చేత ముట్టనివ్వలేదు... ఫ్యూజు, ఎర్తు తీగ అన్నీ తనే బిగించింది. మిగిలినదంతా నా చేతే చేయించింది. ఓల్టేజీని అదుపు చేసే మూడు కాళ్ల రెగ్యులేటర్‌ని రెండుసార్లు తిరగేసి అతికించాను. రెండుసార్లూ విసుక్కోకుండా ఊడదీయించింది. ఇంట్లో అందరం కరెంటు అంటే అన్నిటికీ కలిపి అనేవాళ్లం... కరెంటు పోయింది, కరెంటు వచ్చింది అని. ఆ బల్ల దగ్గర మాత్రం ఆ మాట అలా వాడితే అమ్మ ఒప్పుకునేది కాదు.

పరీక్షించే ఆదివారం, నాన్న స్నేహితుడు ప్రసాద్ అంకుల్ వచ్చారు. చిప్‌ల కంపెనీలో ఇంజినీరు. మంచివారే... కానీ సర్క్యూట్ గురించి ఏ సందేహం వచ్చినా నాన్ననే అడిగేవారు. నాన్న అమ్మ వైపు చూసేవారు. అమ్మ జవాబు చెబితే అంకుల్ మళ్లీ నాన్నకే తలూపేవారు.

ప్లగ్గు పెట్టాం. ట్రాన్స్‌ఫార్మర్ తీగల దగ్గర ఇరవై నాలుగు రావాలి. మీటరు పన్నెండున్నర చూపించి ఆగిపోయింది.

"కరెంటు సగమే వచ్చిందేంటి?" అన్నారు నాన్న.

"కరెంటు కాదండీ, ఓల్టేజీ," అంది అమ్మ. అంతలోనే ఆమె ముఖం మారింది. ఇండియాలో గోడ ప్లగ్గులో వచ్చేది రెండు వందల ముప్ఫై ఓల్టులు. ఇక్కడ నూట ఇరవయ్యే. తొమ్మిదేళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషి, దేశం మారినా లెక్క మార్చలేదు.

అంకుల్ నవ్వారు. "ఇండియా ట్రాన్స్‌ఫార్మర్ కదా వదినా, ఇంకా జెట్‌లాగ్ తగ్గినట్టు లేదు. ఎందుకొచ్చిన తంటా... రెడీమేడ్‌ది ఆర్డర్ చేసేద్దాం."

అమ్మ కూడా నవ్వింది... కానీ నోట్‌బుక్ తెరిచింది. పాత అంకెను చెరిపేయలేదు. ఒకే ఒక్క గీత గీసి, పక్కన కొత్తది వేసింది. తప్పయిన అంకె కూడా కనపడాలి, అప్పుడే చదివేవాళ్లు మనల్ని నమ్ముతారని నాకు చెప్పింది. మోటారుకు కావలసింది పన్నెండే, దానికి ఇది సరిపోతుందని లెక్క తేల్చింది. ఓల్టేజీ సగమైంది కదా, కరెంటు రెట్టింపు తీసుకోవచ్చా అని అడిగాను. వద్దంది... లోపలి తీగ మందం మారలేదు కదా అని.

అంకుల్ మీటరు దగ్గరికి జరిగారు. నాబ్ ఆ చివర నుంచి ఈ చివరకు నెమ్మదిగా తిప్పి చూశారు. అంకెలు ఒకటింపావు నుంచి పన్నెండు దాకా వణుకు లేకుండా ఎక్కాయి.

ఆయన వెళ్లాక నాన్న ఫారం తీశారు. సహాయం చేసినవారి గడిలో ప్రసాద్ పేరు రాద్దాం, వాడు ఏమీ అనుకోడు, జడ్జీలకు కూడా బాగుంటుంది అన్నారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అమ్మ పేరే రాస్తానన్నాను. సరే, అయితే వృత్తి దగ్గర హౌస్‌వైఫ్ అని రాయమన్నారు. వీసా అలా ఉండగా ఇంజినీర్ అని రాస్తే ఎక్కడ ఏ ఇబ్బంది వస్తుందోనని ఆయన భయం. అది ఊరికే భయం కాదు... ఆ రోజుల్లో ప్రతి కాగితానికీ అలాగే భయపడేవాళ్లం.

అమ్మ తువ్వాలు దులుపుతూనే అంది. గొంతు పెంచలేదు.

"అక్కడ అడిగింది ఉద్యోగం కాదండీ, వృత్తి. ఉద్యోగం ఈ వీసాలో లేదు, ఒప్పుకుంటాను. వృత్తి మానేశానని మీకు ఎప్పుడు చెప్పాను?"

నాన్న ఫారాన్ని నా ముందుకు జరిపారు. తర్వాత తన జేబులోని పెన్ను తీసి నాకిచ్చారు.

అమ్మ పూర్తి పేరు రాశాను... పక్కన ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ అని రాశాను. గడి చాలక చివరి రెండు అక్షరాలు అంచు దాటి బయటికొచ్చాయి. చెరపమని ఎవరూ అనలేదు.

బహుమతి రాలేదు. అడిగినవాళ్లందరికీ మా అమ్మ నేర్పిందని చెప్పాను. ఇప్పుడు నేను చేస్తున్నదీ ఆ పనే, వృత్తిగానూ, ఉద్యోగంగానూ.

మొన్న మా పాప స్కూల్ ఫారం ఫోన్‌కి వచ్చింది... వృత్తి దగ్గర నొక్కితే ఒక జాబితా తెరుచుకుంది. అందులోంచి ఒకటి ఎంచుకోవాలి. సొంతంగా రాయడానికి లేదు, అంచు దాటడానికి అసలే లేదు...

మీ అమ్మకో, అత్తకో, పిన్నికో ఏ ఫారంలోనూ పట్టని పని వచ్చి ఉంటే, వారి పేరూ ఆ పనీ కింద రాయండి. ఇక్కడ చోటుంది.