గద్ద రెక్కలో మాంజా

ఈ సాయంత్రం ఏక్‌బాల్‌పూర్‌లో మా మేడ మీద నిలబడి ఎగిరే గద్దల్ని ఫొటో తీయడం సాధన చేస్తున్నాను. ఒక గద్ద మాటిమాటికీ ఓ పక్కకి ఒరిగిపోతోంది. దాని ఫొటోలన్నీ అలికేసినట్టు వచ్చాయి. షటర్ స్పీడ్ సెకనులో రెండు వేలవ వంతుకు మార్చి, వెలుతురు చాలక, కెమేరా తక్కువ వెలుతురునూ పట్టేలా ఐఎస్ఓ కూడా పెంచి మళ్ళీ తీశాను. తెర మీద పెద్దది చేసి చూస్తే, రెక్కకు గాలిపటం మాంజా చుట్టుకుని ఉంది.

అంతలోనే ఆ దారం మా డిష్ యాంటెన్నాకు తగులుకుంది. గద్ద తలకిందులుగా వేలాడింది. పక్కనే ఆరిన బట్టలు తీస్తున్న అమ్మ ఒక తువ్వాలు లాగి దాని మీద కప్పి, గట్టిగా పొదివి పట్టుకుంది.

"సూస్తావేటే? కత్తెర తే!"

"పొడుస్తాదేమోనమ్మా!"

"పొడిస్తే నన్ను పొడుస్తాది. నువ్వు దారం కోసీ."

కిందికి పరుగెత్తి కత్తెర తెచ్చి, ఒక్కో పోగూ కత్తిరించాను. రెక్క మీద కాస్త నెత్తురుంది. అమ్మ తువ్వాలు తీయగానే గద్ద పిట్టగోడ దాటి కిందికి జారింది. పడిపోయిందనుకున్నాను. రెండిళ్ళ అవతల పైకి లేచింది.

"దారమింకా ఉందేటో సూడు" అంది అమ్మ.

కెమేరా అందుకుని వరసగా నొక్కాను. ఐఎస్ఓ పెంచినందుకు ఫొటో నిండా ఇసుక చల్లినట్టు గరుకు. కానీ రెక్కలు రెండూ పూర్తిగా విచ్చుకున్నాయి, దారం జాడ లేదు.

ఆ ఫొటోయే ఈ పోస్టు కింద పెట్టాను. గరుకు చూసి తిట్టాలనిపిస్తే తిట్టండి. ముందు మీ మేడ మీద తెగిపడిన మాంజా ఉంటే ఏరేసి వచ్చి మరీ తిట్టండి.